హాట్‌ ప్లగ్గా... కోల్డ్‌ ప్లగ్గా?

కారుకి టర్బో బిగించడానికి లక్షలు పోసేవాళ్లు కూడా స్పార్క్‌ ప్లగ్గు దగ్గరికి వచ్చేసరికి 'ఏదో ఒకటి వేసెయ్‌ అన్నా' అంటారు మెకానిక్కుతో. అరచేతిలో పట్టే వస్తువు. మొత్తం బిల్లులో దాని ఖరీదు లెక్కలోకే రాదు. కానీ దాన్ని తప్పుగా ఎంచుకుంటే పిస్టన్‌కి చిల్లు పడొచ్చు. అప్పుడు పెట్టిన లక్షలన్నీ తుక్కు కిందే లెక్క!

ప్లగ్గుల్లో 'హాట్‌', 'కోల్డ్‌' అని రకాలున్నాయి. ఆ పేర్లు పెట్టిన మహానుభావులెవరోగానీ జనాన్ని బాగానే తికమకపెట్టారు. హాట్‌ అనగానే నిప్పురవ్వ గట్టిగా వస్తుందనీ బండి దూసుకుపోతుందనీ చాలామంది అనుకుంటారు. నిజానికి రవ్వ బలానికీ ఈ పేర్లకీ సంబంధమే లేదు. మంట వేడిని ప్లగ్గు ఎంత తొందరగా వదిలించుకుంటుందన్నదే ఇక్కడ లెక్క. ప్లగ్గు కొసన, మధ్యలో ఉన్న కడ్డీ చుట్టూ తెల్లటి పింగాణీ ఉంటుంది. అది పొడుగ్గా ఉంటే వేడి సిలిండర్‌ హెడ్‌లోకి చేరడానికి చాలా దూరం పోవాలి. కాబట్టి కొస వేడిగానే ఉండిపోతుంది. అది హాట్‌ ప్లగ్గు. పింగాణీ పొట్టిగా ఉంటే వేడి చప్పున దిగిపోతుంది. అది కోల్డ్‌ ప్లగ్గు.

అట్ల పెనం సంగతి తెలిసినవాళ్లకి మిగతాది చెప్పనక్కర్లేదు. సరిగ్గా కాగకపోతే అట్టు అతుక్కుంటుంది, మరీ కాగితే మాడుతుంది. ప్లగ్గు కొస సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్‌ దాటితేనే దానికి పట్టిన మసి కాలిపోయి శుభ్రమవుతుంది. ఆ వేడి అందకపోతే మసి పేరుకుంటుంది. కరెంటు ఆ మసి మీదుగా జారిపోయి రవ్వ సరిగా రాదు, బండి దగ్గుతుంది. అదే 800 డిగ్రీలు దాటి ఇంకా పైకి పోయిందా... కొస నిప్పుకణికలా ఎర్రబడి, రవ్వ రాకముందే పెట్రోలుని అంటించేస్తుంది. పిస్టన్‌ ఇంకా పైకొస్తూనే ఉంటుంది, పైన మంట మొదలైపోతుంది! అల్యూమినియం పిస్టన్‌ కరగడానికి ఆ తర్వాత ఎంతోసేపు పట్టదు.

కంపెనీ వేసిన ప్లగ్గు కంపెనీ ఇంజిన్‌కి సరిగ్గా సరిపోతుంది. టర్బో పెట్టినా, కంప్రెషన్‌ పెంచినా ఆ లెక్క మారిపోతుంది. ఇగ్నిషన్‌ టైమింగ్‌ని 10 డిగ్రీలు ముందుకు జరిపినా చాలు, కొస వేడి 70 నుంచి 100 డిగ్రీలు పెరుగుతుందంటుంది ప్లగ్గులు తయారుచేసే జపాన్‌ కంపెనీ ఎన్‌జీకే. ఒక మెట్టు కోల్డ్‌ ప్లగ్గుకి మారితే తగ్గేదీ దాదాపు అంతే. ఇంజిన్‌కి 75 నుంచి 100 హార్స్‌పవర్‌ అదనంగా చేర్చినప్పుడు ఒక మెట్టు దిగాలన్నది ఆ కంపెనీయే చెప్పే మోటు లెక్క. మన చిన్న కార్లు చాలావాటికి మొత్తం కలిపినా అంత శక్తి ఉండదు. అలాంటిది ఎయిర్‌ ఫిల్టరు, సైలెన్సరు మార్చి 'రేసింగ్‌ ప్లగ్గులు' అడిగేవాళ్లని ఏమనాలి? వాళ్లు పాత నంబరే వాడుకోవడం మంచిది.

నంబరంటే గుర్తొచ్చింది. అసలు గోతులన్నీ అక్కడే ఉన్నాయి! ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో నంబరు పెరిగేకొద్దీ కోల్డ్‌. బాష్‌, ఛాంపియన్‌లలో నంబరు పెరిగేకొద్దీ హాట్‌. 'ఒక నంబరు పైది వెయ్‌' అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని షాపుకెళ్తే, అక్కడ వేరే కంపెనీ సరుకు ఉంటే? టర్బో ఇంజిన్‌కి కోల్డ్‌ బదులు ఇంకా హాట్‌ ప్లగ్గు బిగించినట్టే. నంబరుతో పాటు కంపెనీ పేరూ రాసుకుని వెళ్లాలి.

బండి ఎక్కడ తిరుగుతుందన్నదీ చూడాలి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌ మీద యాక్సిలరేటర్‌ ఆసాంతం తొక్కేవాడికి నప్పే ప్లగ్గు, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఫస్ట్‌ గేరులో పాకేవాడికి నప్పదు. వారం తిరక్కుండానే నల్లగా మసిబారుతుంది. అందుకే కొందరు ట్రాక్‌కి ఒక సెట్టు, రోజువారీకి ఒక సెట్టు ఉంచుకుంటారు. (మార్పులు చేసిన బండి రోడ్డెక్కొచ్చా అన్నది వేరే తలనొప్పి. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగానే చెప్పింది.)

ఎటూ తేలకపోతే? కోల్డ్‌ వైపే మొగ్గాలి. మసి పట్టిన ప్లగ్గుని విప్పి మార్చుకోవచ్చు, కరిగిన పిస్టన్‌ని ఏంచేస్తాం!

ట్రాక్‌ మీద గట్టిగా తోలిన వెంటనే ఇంజిన్‌ ఆపేసి, చల్లారాక ప్లగ్గు విప్పి చూస్తే దాని జాతకం తెలిసిపోతుంది. కాసేపు ఐడిల్‌లో ఉంచి ఆపితే మాత్రం రంగు నమ్మడానికి లేదు. పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే ఢోకా లేదు. పొడి మసి ఉంటే ప్లగ్గు మరీ కోల్డ్‌ అయినా అయ్యుండాలి, పెట్రోలు పాలు ఎక్కువైనా అయ్యుండాలి. తెల్లగా పాలిపోయి బొబ్బలెక్కి, మీద మెరిసే చుక్కలు కనిపించాయా... అవి పిస్టన్‌ నుంచి ఊడొచ్చిన అల్యూమినియమే కావచ్చు. బండి ఇక స్టార్ట్‌ చేయకూడదు. పెట్రోలు పాలు తక్కువైందేమో, టైమింగ్‌ ఎక్కువైందేమో ముందు చూడాలి. అవి సరిచేయకుండా ఎంత కోల్డ్‌ ప్లగ్గు వేసినా గండం తప్పదు.

ఇంకో మాట. ప్లగ్గులోని వేడి హెడ్‌లోకి వెళ్లేది మరల ద్వారా, అడుగున కూర్చునే వాషరు ద్వారా. లూజుగా బిగిస్తే కోల్డ్‌ ప్లగ్గయినా హాట్‌ ప్లగ్గులాగే కాగిపోతుంది. బిగించేటప్పుడు టార్క్‌ రెంచి ఉందో లేదో మెకానిక్కుని అడగండి.