ఆల్చిప్పకి ఇంటిపేరు మారింది

మా ప్రాజెక్టులో ఒక క్లాసు పేరు మార్చాలంటే మూడు మీటింగులు. 2017లో పసిఫిక్ ఆల్చిప్పకైతే ఏకంగా ఇంటిపేరే మార్చేశారు! (శాస్త్రీయనామంలో ప్రజాతి మన ఇంటిపేరులాగే ముందొస్తుంది లెండి.)

1793లో థన్‌బర్గ్ పెట్టింది ఆస్ట్రియా గిగాస్. తర్వాత క్రాసోస్ట్రియా గిగాస్ అయింది. డీఎన్ఏ చూసి, ఇది అట్లాంటిక్ వాటితో కలవదంటూ సాల్వి, మారియొట్టిని 'మగల్లానా' అన్నారు, మెజెల్లాన్ పేరు మీద. 'గిగాస్' మాత్రం కదల్లేదు. థన్‌బర్గ్ పేరు బ్రాకెట్లో ఉంటుంది: ఆయన పెట్టిన ప్రజాతి ఇది కాదని గుర్తు. వర్షన్ కంట్రోల్ అంటే ఇదీ!

బేన్, మరికొందరు ఆ ఏడాదే ఒప్పుకోమని రాశారు. 2012 నాటి జీనోం పేపరూ పాతపేరుతోనే ఉందాయె. అయినా నా ఓటు కొత్తదానికే. చుట్టరికం తప్పని తేలాక అలవాటు కోసం అట్టే పెట్టుకోవడమేంటండీ? వెతికేటప్పుడు మాత్రం రెండు పేర్లూ కొట్టండి.