ఫీనిక్సు దారిలో తీపినీళ్లు

అపొస్తలుల కార్యముల గ్రంథము 27వ అధ్యాయములో ఓడవారు చేరగోరి చేరలేకపోయిన రేవొకటి ఉన్నది. దాని పేరు ఫీనిక్సు. మంచిరేవులు అను చోటు చలికాలము గడుపుటకు అనుకూలము కానందున, క్రేతు దక్షిణ తీరముననున్న ఆ రేవుకు పోవలెనని వారు బయలుదేరిరి. దక్షిణపు గాలి మెల్లగా వీచినప్పుడు తమ ఆలోచన సమకూడినదనుకొనిరి. అంతలో ఊరకులోను అను పెనుగాలి ఓడను పట్టి, 14 దినములు త్రిప్పి, మెలితే ద్వీపమునొద్ద బ్రద్దలు చేసెను.

గత సెప్టెంబరులో నేను ఆ తీరమునకు పోయితిని. నేటి లూత్రో గ్రామ పరిసరమే ఆనాటి ఫీనిక్సు అని పండితులు పలువురు తలంచుదురు. లూత్రోకు బండిబాట లేదు. తూర్పుననున్న రేవుపట్టణమైన హోరా స్ఫాకియోను నుండి పడవమీదనైనను, కొండ అంచున కాలిబాటవెంబడినైనను పోవలెను. నేను నడచితిని. ఆ రెంటికి నడుమ, నిట్టనిలువు కొండ క్రింద, చిన్న గులకరాళ్ల తీరమొకటి ఒదిగియున్నది. ఈతకు వచ్చువారు దానిని బాగుగా ఎరుగుదురు. దాని పేరు గ్లికా నేరా, అనగా తీపినీళ్లు.

మధ్యధరా సముద్రము మహాసముద్రములకంటె ఉప్పనైనది. లీటరు నీటిలో సుమారు 38 గ్రాముల ఉప్పుండును. అట్టి సముద్రపు అంచునే మంచినీళ్లు! తీరము వెనుక లెఫ్కా ఓరి, అనగా తెల్లకొండలు, 2,453 మీటర్ల ఎత్తువరకు లేచియున్నవి. అవి సున్నపురాతి కొండలు. పైన కురిసిన మంచును వానయు రాతి బీటలలో ఇంకి, కనబడని దారులవెంట దిగివచ్చి, ఇచ్చట గులకరాళ్ల క్రిందనుండి ఊరుచున్నవి. నేను గోదావరి కాలువలో ఈత నేర్చినవాడను. రొమ్ములోతున దిగగా, వెచ్చని సముద్రము నడుమ అక్కడక్కడ చల్లని నీటితీగ ఒంటిని తాకి పోవుచుండెను.

ఒడ్డున కొండప్రక్క ఒక యువకుడు చేతులతో రాళ్లు తీసి గుంట చేయుచుండెను. మన యేటి యిసుకలో చెలమ త్రవ్వునట్లే. మొదట ఊరినది కలకనీరు. నేను వంగబోగా, ఆగుమని సైగచేసెను. కొంతసేపటికి అడుగురాళ్లు తేటగా కనబడెను. దోసిటితో త్రాగితిని. ఉప్పు లేదు.

ఈ ప్రయాణము నేనును నా భార్యయు కలిసి చేయదలచినది. ఆమె తన బైబిలు చివరి అట్టమీద 'ఫీనిక్సు' అని వ్రాసికొనియుండెను. రెండేండ్ల క్రిందట ఆమె ప్రభువునందు నిద్రించినది. పౌలు చేరని రేవును చూడవచ్చిన నాకు, ఆమె చేరని రేవే కనబడెను.

రేవు దొరకకపోయినను ఓడలోని 276 మందిలో ఒక్క ప్రాణమైనను పోలేదు గదా అని బోధకులము చెప్పుచుందుము. అది నిజమే. కాని మా ఓడలో ఒక ప్రాణము పోయినది. ఆ అధ్యాయమును నా గాయమునకు కట్టుగా చుట్టుకొనుటకు నాకు మనసొప్పలేదు. మీరును అట్లు చుట్టుకొనుడని నేను చెప్పను.

నేను చెప్పగలిగినది ఇంత. ఒక్క ఊటనుండి తీపినీరును చేదునీరును రావని యాకోబు బోధించెను. గ్లికా నేరాలోను అవి ఒక్క ఊటనుండి రావు. ఉప్పు సముద్రముది, తీపి కొండది. రెండును ఒకే తీరమున కలిసికొనుచున్నవి. నా దుఃఖము ఉప్పు కాదని నేననను. అది తీపిగా మారినదనియు అనను. అయినను నేనెక్కని యెత్తులలో ఎన్నడో కురిసిన కృప నా కాళ్లక్రింద ఊరుచున్నదని ఎరుగుదును. 30 ఏండ్లు తెల్లవారుజామున ఆమె చేసిన ప్రార్థనలు ఆ మంచువంటివి. అవి ఇంకిపోయినవే గాని ఎండిపోలేదు.

చదువరులారా, మీ యింటను చేరని రేవేదైన ఉన్నదేమో. పెండ్లికాని కుమార్తె యుండవచ్చును, తిరిగిరాని కుమారుడుండవచ్చును, కుదురని రోగముండవచ్చును. దప్పికకు తాళలేక సముద్రమునే త్రాగకుడి. కొండప్రక్కకు రండి, మోకాళ్లూని మూరెడు లోతు త్రవ్వుడి. మొదట ఊరిన కలకను చూచి లేచిపోకుడి. నీరు తేరువరకు అచ్చటనే కూర్చుండుడి.