వెండి ధరకే చరిత్ర!

ఇన్నేళ్లుగా అమెరికాలో ఉంటున్నాను, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదేమండీ? 1964 దాకా ఈ దేశంలో కాఫీకీ, బస్సుకీ, ఫోను బూత్‌కీ జనం ఇచ్చిన డైములూ, క్వార్టర్లూ, హాఫ్ డాలర్లూ అన్నీ వెండివేనట! తొంభై పాళ్లు వెండి, పది పాళ్లు రాగి. పోనీ అవేమైనా మ్యూజియం అద్దాల వెనక దాక్కున్నాయా అంటే, లేదు. ఆన్‌లైన్‌లో రోల్స్‌గా కట్టి అమ్ముతున్నారు. డబ్బు కడితే పోస్టులో ఇంటికొస్తాయి!

ముందుగా క్వార్టర్ల రోల్ తెప్పించాను. నలభై బిళ్లలు, ముఖ విలువ 10 డాలర్లు. టంకశాలలో పుట్టిన రోజున ఒక్కోటి 6.25 గ్రాములు. నలభై కలిపితే సరిగ్గా పావు కిలో! జేబుల్లో తిరిగి అరిగినందుకు ఒకటి రెండు గ్రాములు తగ్గాయేమో గాని, ఇంత చిన్న గొట్టానికి ఇంత బరువేమిటని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూనే ఉన్నాను. ఒక బిళ్ల తీసి బల్ల మీద వేస్తే ఖంగున మోగింది. పక్కనే ఇప్పటి క్వార్టర్ వేశాను. టక్కుమని ఊరుకుంది.

రెంటినీ అంచు మీద నిలబెట్టి చూడండి. కొత్తదాని నడుమ ఎర్రగా రాగి చార కనిపిస్తుంది. పాతదాని అంచు చుట్టూ తెలుపే. ఇది తెలిశాక కిరాణా కొట్టులో తిరిగిచ్చిన చిల్లరను కూడా అంచు చూడకుండా జేబులో వేసుకోవడం లేదు!

వెండి చిల్లర ఎందుకు ఆగిపోయింది? అదీ మంచి కథే. 1960ల మొదట్లో వెండి ధర పెరుగుతూ వచ్చింది. ఔన్సు 1.38 డాలర్లు దాటితే క్వార్టర్‌లోని వెండి క్వార్టర్ కంటే ఎక్కువ ఖరీదు చేస్తుంది. అప్పుడు ఖర్చుపెట్టడం కన్నా కరిగించుకోవడమే లాభం. ఆ రోజు రాకముందే, 1965 జులై 23న, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త చట్టం మీద సంతకం పెట్టారు. డైము, క్వార్టర్‌లలోంచి వెండి పూర్తిగా పోయింది. హాఫ్ డాలర్‌లో మాత్రం నలభై పాళ్లు మిగిలి, 1970 దాకా సాగింది. జనం ఊరుకుంటారా? పాతవి ఏరి దాచుకున్నారు, కొత్తవి ఖర్చుపెట్టారు. 1980 జనవరిలో ఔన్సు 50 డాలర్ల దాకా ఎగబాకినప్పుడు పాత నాణేలు కుప్పలుగా కొలిమిలోకి పోయాయి. నా చేతిలో ఉన్నవి ఆ కొలిమిని తప్పించుకుని వచ్చినవన్నమాట!

రోల్‌లో 1964వే ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. చిల్లర కరువు వల్ల, జనం దాచుకోకుండా ఉండాలని టంకశాల ఆ ఏడాది దాటాక కూడా 1964 తేదీతోనే వెండి నాణేలు కొట్టింది. నాకైతే మిగతావే పండగ. వెనకవైపు గద్ద కాళ్ల కింద చిన్న డి ఉంటే డెన్వర్, ఎస్ ఉంటే శాన్ ఫ్రాన్సిస్కో, ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. భూతద్దం పట్టుకుని కూర్చుంటే భోజనానికి పిలిచినా వినపడదు.

ఆ ఊపులోనే డైములు కూడా తెప్పించాను. రోల్‌కు యాభై. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తల ఉన్నవి 1946లో మొదలయ్యాయి. పోలియోతో కాళ్లు చచ్చుబడిన ఆ మనిషి మొదలుపెట్టిన పోలియో నిధికి దేశమంతా కవర్లలో డైములు పెట్టి వైట్‌హౌస్‌కు పంపింది. అందుకే ఆయన పోయాక ఆయన బొమ్మ డైము మీదికే వచ్చింది. మెడ కింద ఉన్న జె.ఎస్. అన్న పొడి అక్షరాలు శిల్పి జాన్ సినాక్‌వి. అవి జోసెఫ్ స్టాలిన్‌వని అప్పట్లో పుకారు లేచిందట! అంతకు ముందువి, 1916 నుంచి 1945 దాకా వచ్చినవి, మెర్క్యురీ డైములు. రెక్కల టోపీ పెట్టుకున్న స్వేచ్ఛామూర్తిని చూసి జనం మెర్క్యురీ దేవుడనుకున్నారు, ఆ పేరే నిలిచిపోయింది. గోరంత బిళ్ల మీద అంత అందమా!

హాఫ్ డాలర్ చేతికి రాగానే మాత్రం మన ఇళ్లల్లో లక్ష్మీపూజకు పెట్టుకునే జార్జి బొమ్మ వెండి రూపాయి గుర్తొచ్చింది. అది ఒక తులం, 11.66 గ్రాములు. ఇది 12.5. వేళ్లకు దాదాపు అదే బరువు.

ధర సంగతి చెప్పనా? లెక్క చాలా తేలిక. చెలామణీలో అరిగిన నాణేలకు, ముఖ విలువలో ప్రతి డాలరుకూ 0.715 ఔన్సుల వెండి కడతారు. క్వార్టర్ల రోల్‌లో 7.15 ఔన్సులు. ఔన్సు 30 డాలర్లున్న రోజైతే అందులోని వెండి సుమారు 214 డాలర్లు. అమ్మకందారు అడిగిన ధరలోంచి దీన్ని తీసేస్తే, పోస్టు ఖర్చు కలుపుకుని, అతను పైన ఎంత వేసుకున్నాడో తేలిపోతుంది. నలుగురి ధరలు పక్కపక్కన పెట్టి చూడండి, కొనుగోలుదారులు రాసిన అభిప్రాయాలు చదవండి, అమ్మే రోల్ ఫొటోనే పెట్టారో లేదో చూడండి.

‘ఎవరూ వెతకని రోల్’ అని ఊరిస్తూ, కాగితం చుట్ట చివర ఒక పాత నాణెం కనబడేలా పెట్టి అమ్మేవాళ్లున్నారు. ఆ ఊహకు డబ్బు కట్టకండి, వెండికి మాత్రమే కట్టండి. రోల్ రాగానే వంటింటి త్రాసు మీద పెట్టండి. వెండి లేని క్వార్టర్ 5.67 గ్రాములే కాబట్టి నలభై కలిపి 227 దగ్గర ఆగిపోతాయి. అయస్కాంతాన్ని మాత్రం నమ్ముకోవద్దు: వెండీ అతుక్కోదు, ఇప్పటి చిల్లరా అతుక్కోదు. ఇంకో మాట. నల్లబడ్డాయని కుంకుడురసంతోనో, చింతపండుతోనో, విబూదితోనో తోమకండి. తోమిన నాణేన్ని సేకర్తలు ముట్టరు.

అమెరికాలో ఉన్న మనవాళ్లందరికీ నా మాట ఒక్కటే: ముందు ఒక్క డైముల రోల్ కొనండి. ముఖ విలువ 5 డాలర్లు, లోపల మూడున్నర ఔన్సుల పైచిలుకు వెండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని గొట్టం విప్పండి, ఏళ్లు చదివించండి. ఎప్పుడైనా వద్దనుకుంటే ఆ రోజు వెండి ధరను బట్టి కొనడానికి ఊళ్లో నాణేల కొట్టు ఉండనే ఉంది.