పిల్లల చేతికి తొలి కారు: కొనేముందు ఒక వైద్యుని మాట



రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పుల గురించి రాసే ఈ వృద్ధ వైద్యుడు కార్ల గురించి రాయడమేమిటని మీరు ఆశ్చర్యపడవచ్చు. కారణం చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 5 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువారి మరణాలకు మొదటి కారణం అంటువ్యాధి కాదు, క్యాన్సరూ కాదు, రోడ్డు ప్రమాదం. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే 1,68,491 మంది రోడ్ల మీద ప్రాణాలు కోల్పోయారని కేంద్ర రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక తెలుపుతోంది. కనుక పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డకు ఏ కారు కొనాలన్నది కేవలం డబ్బుకో హోదాకో సంబంధించిన ప్రశ్న కాదు. పసితనంలో ఏ టీకా వేయించాలన్న ప్రశ్న ఎంత ఆరోగ్య సంబంధమైనదో, ఇదీ అంతే.

మా మనవరాలికి పద్దెనిమిదేళ్లు నిండాయి. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంటికీ కళాశాలకూ మధ్య ముప్పై కిలోమీటర్ల దూరం. అందులో అధిక భాగం జాతీయ రహదారే. లైసెన్సు చేతికి వచ్చిన వారం నుంచి ఇంట్లో కారు చర్చ మొదలైంది. మొత్తం మీద ఆరు లక్షలు దాటకూడదని నిశ్చయం. మా అల్లుడు గారికి పైకప్పులో అద్దం, పెద్ద తెర ఉన్న బండి మీద మనసు. మా అమ్మాయి వాదన వేరు: "నేర్చుకునే పిల్ల, ఎలాగూ గీతలు పడతాయి, లక్షన్నరలో ఏదో పాత బండి చాలు." ఈ రెండు అభిప్రాయాలూ మన ఇళ్లలో చాలా చోట్ల వినిపించేవే. రెండింటినీ నేను అంగీకరించలేకపోయాను. ఎందుకో వివరిస్తాను.

శరీరానికి జరిగేదేమిటి?

శస్త్రవైద్యునిగా పనిచేసిన కాలంలో ప్రమాద బాధితులను పరీక్షించేటప్పుడు మేము మూడు ఢీకొనడాల లెక్కన ఆలోచించేవాళ్లం. మొదటిది, బండి ఎదుటి వస్తువును ఢీకొనడం. రెండవది, ఇంకా అదే వేగంతో ముందుకు పోతున్న మనిషి స్టీరింగునో అద్దాన్నో ఢీకొనడం. మూడవది కంటికి కనబడనిది: శరీరం ఆగిన తరువాత కూడా లోపలి అవయవాలు ముందుకు కదిలి ఎముకల గూటిని తాకడం. పైకి చిన్న గీత కూడా లేని యువకునికి లోపల కాలేయమో ప్లీహమో చీలిపోవడానికి, గుండె నుంచి బయలుదేరే మహాధమని తెగిపోవడానికి కారణం ఇదే.

గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనడం సుమారు 16 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఐదంతస్తుల మేడ మీద నుంచి, కింద పడటంతో సమానం. వేగం 80 నుంచి 100కు పెరిగితే, పెరిగింది పాతికవంతే అనిపిస్తుంది; కాని దెబ్బలోని శక్తి సగానికి పైగా పెరుగుతుంది. మంచి కారు చేసే పని ఒక్కటే. ముందు భాగం నలుగుతూ ఆ శక్తిని తాను మింగుతుంది. మనుషులు కూర్చునే గది మాత్రం నలగకుండా నిలుస్తుంది. సీటు బెల్టు ఆ దెబ్బను ఛాతీ, కటి ఎముకల మీదికి పంచుతుంది. తల, ఛాతీ స్టీరింగుకు తగలకుండా ఎయిర్‌బ్యాగు అడ్డుపడుతుంది. బెల్టు లేనివారికి ఎయిర్‌బ్యాగు పూర్తి రక్షణ ఇవ్వలేదని కూడా గుర్తుంచుకోండి. ఈ మూడూ కలిసి పనిచేస్తేనే మనిషి మిగులుతాడు.

అందుకే మా అమ్మాయితో అన్నాను: "గీతలు పడేది బండికి. లోపల కూర్చునేది మాత్రం అదే పిల్ల. నేర్చుకునే రోజుల్లోనే ఆమెకు గట్టి బండి కావాలి."

కొత్తగా నడిపేవారికి ప్రమాదం ఎందుకెక్కువ?

నిర్లక్ష్యం వల్లనే అని పెద్దలం తేలికగా తీర్మానిస్తాం. వైద్యశాస్త్రం చెప్పేది వేరు. ముందుచూపును, నిగ్రహాన్ని నియంత్రించే మెదడు ముందు భాగం ఇరవై దాటిన తరువాత కూడా కొన్నేళ్లపాటు పరిపక్వమవుతూనే ఉంటుంది. దానికి అనుభవలేమి తోడవుతుంది. పక్క సందులోంచి ఆటో వస్తుందని, డివైడరు సందులోంచి గేదె దిగుతుందని ముందే ఊహించడం పుస్తకం వల్ల రాదు. వేల కిలోమీటర్లు నడిపితే వస్తుంది. లైసెన్సు వచ్చిన తొలి మాసాలలోనే ప్రమాదాలు అధికమని, బండిలో తోటి వయసువారు ఎక్కే కొద్దీ, రాత్రి వేళల్లో, ముప్పు ఇంకా పెరుగుతుందని అనేక దేశాల అనుభవం. అందుకే న్యూజిలాండ్ 1987లోనే దశలవారీ లైసెన్సు పద్ధతి ప్రవేశపెట్టింది. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలకూ ఇది పరిచితమే. అక్కడి రహదారి భద్రతా బీమా సంస్థ పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు తగిన పాత కార్ల పట్టికను తల్లిదండ్రుల కోసం ప్రకటిస్తుంది కూడా. శక్తి మితంగా ఉన్న ఇంజను, మరీ చిన్నది కాని బండి, జారుడును అరికట్టే వ్యవస్థ: ఆ సలహాల సారం ఇదే.

మన దేశంలో పద్దెనిమిది నిండనిదే కారు నడపరాదు. "ఊళ్లోనే కదా" అని ఇంటర్ చదివే పిల్లవాడి చేతికి తాళాలు ఇచ్చే తండ్రులు 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ సంగతి తెలుసుకోవాలి. మైనరు నేరానికి బండి యజమానికి లేదా సంరక్షకునికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లవానికి ఇరవై అయిదేళ్లు వచ్చే వరకు లైసెన్సు అర్హత ఉండదు.

ఏ బండి?

2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముడవుతున్న అయిదు చిన్న కార్లను పరీక్షించింది: ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. పెద్దల భద్రతలో అయిదింటికీ వచ్చినది సున్నా. అయితే అదే పోలోను రెండు ఎయిర్‌బ్యాగులతో పరీక్షించినప్పుడు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. ఇందులో మనకు గొప్ప పాఠం ఉంది. బండి పేరు ఒక్కటే చాలదు. ఏ వేరియంటు, ఏ సంవత్సరం అన్నదే ప్రాణాన్ని నిర్ణయిస్తుంది.

తరువాత చట్టాలు మారాయి. ముందు నుంచి ఢీకొనే పరీక్షలో నెగ్గాలన్న నిబంధన 2019 అక్టోబరు నాటికి అన్ని కార్లకూ వర్తించింది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు 2022 ఆరంభం నుంచి అన్ని కార్లలోనూ తప్పనిసరి. కనుక మీరు గుర్తుపెట్టుకోవలసిన సులభ సూత్రం ఇది: సెకండ్ హ్యాండ్ బండి అయితే 2022లో గాని ఆ తరువాత గాని తయారైనది చూడండి. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రిజిస్ట్రేషను తేదీని కాదు, దానిని చదవండి.

దీనికి మించి నేను పట్టుబట్టినది ఈఎస్‌సీ. మలుపులో, వర్షంలో బండి అదుపు తప్పుతున్నప్పుడు ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో నిలిపే ఏర్పాటు ఇది. కొత్త చేతులకు దీనిని మించిన తోడు లేదు. చౌక వేరియంట్లలో ఇది లేకపోవచ్చు; తాళం తిప్పగానే జారే కారు బొమ్మతో పసుపు దీపం వెలిగి ఆరుతుందేమో చూడండి. 2023 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన మన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో మూడు నక్షత్రాలు గాని అంతకు మించి గాని రావాలంటే ఇది ఉండవలసిందే. నక్షత్రాలు చూసేటప్పుడు పరీక్ష జరిగిన ఏడాదినీ గమనించండి. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022 జూలైలో నియమాలను కఠినతరం చేసింది. అంతకు ముందరి అయిదు నక్షత్రాలు, ఇప్పటి అయిదు నక్షత్రాలు ఒకటి కావు. అలాగే నక్షత్రాలను సమానమైన బరువు గల బండ్ల మధ్యనే పోల్చాలి. మరీ తేలికైన బండి లారీకి ఎదురైనప్పుడు నక్షత్రాలు బరువును మరిపించలేవు.

ఈ కొలతలతో వెతికితే పైకప్పు అద్దం ఉన్న కొత్త బండి మా ఆరు లక్షలలో దొరకలేదు; ఈఎస్‌సీ ఉన్న, మూడేళ్లు నడిచిన సాదా బండి దొరికింది. "ఆకాశం చూడటానికి కిటికీ చాలండీ" అంటే అల్లుడు గారు నవ్వి ఒప్పుకున్నారు.

పాత బండిని పరీక్షించడం

రోగిని చూసినట్టే చూడాలి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొన్ని క్షణాలలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం, అసలు వెలగకపోతే ఎవరో లోపాన్ని కప్పిపెట్టారని అనుమానించండి. తలుపు రబ్బరును కొంచెం లాగి చూడండి. ఫ్యాక్టరీ వెల్డింగు చుక్కలు సమాన దూరంలో ఉంటాయి, గజిబిజిగా ఉంటే పెద్ద దెబ్బ తగిలిన బండి. సీటు బెల్టును చివరి దాకా లాగండి. బురద చార కనిపిస్తే నీట మునిగిన బండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో అనేక వాహనాలు మునిగిన సంగతి మీకు తెలిసినదే. పాత బీమా పత్రంలో నో క్లెయిమ్ బోనస్ సున్నా అని ఉంటే ఎందుకో అడగండి. టైరు మీది నాలుగంకెలలో మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం: 2321 అంటే 2021లో 23వ వారం. ఆరేళ్లు దాటిన టైరు ఎంత బాగా కనిపించినా మార్చండి. చివరిగా, అమ్మేవారి మెకానిక్కును కాదు, మీకు నమ్మకమైన మెకానిక్కును కూలి ఇచ్చి తీసుకువెళ్లండి.

బండి ధరలోనే సొమ్మంతా పోయకుండా టైర్లకు, సర్వీసుకు, బీమాకు యాభై వేలు విడిగా ఉంచాం. బీమాలో ఒక మెలిక గమనించండి. తప్పనిసరి అయిన 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా లైసెన్సు గల యజమానికే వర్తిస్తుంది. బండి తండ్రి పేరున ఉండి కూతురు నడుపుతుంటే ఆమెకు ఆ రక్షణ ఉండదు. అందుకే బండిని మనవరాలి పేరుననే రాయించాం. బీమాను కూడా పద్నాలుగు రోజులలోగా ఆమె పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టాం.

తాళాలతో పాటు ఇవ్వవలసినవి

తాళాలు ఇచ్చే ముందు ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసుకున్నాం. తొలి ఆరు నెలలు చీకటి పడిన తరువాత ఒంటరిగా నడపరాదు. స్నేహితులలో ఒక్కరికి మించి ఎక్కించుకోరాదు. వెనుక సీటులో ఉన్నవారు కూడా బెల్టు పెట్టుకునే దాకా బండి కదలరాదు. ఫోను డ్యాష్‌బోర్డు అరలోనే ఉండాలి.

అది చదివి మనవరాలు సూటిగా అడిగింది: "తమ్ముడికైతే ఇన్ని షరతులు పెట్టేవారా తాతయ్యా?"

న్యాయమైన ప్రశ్న. ఆడపిల్ల కనుక రాత్రి వద్దంటున్నామని ఆమె అనుకుంది. "వాడికి పద్దెనిమిది నిండిన రోజున ఇదే కాగితం ఇస్తానమ్మా. ఆ వయసులో మగపిల్లల ప్రమాదాలే ఎక్కువ కనుక వాడికి ఇంకో రెండు చేరుస్తాను" అన్నాను. తమ్ముడి చేత కూడా సంతకం పెట్టించాకనే తాను పెట్టింది. తరువాత కలం తీసుకుని అయిదో మాట తానే రాసింది: ఏ వేళనైనా బండి నడపలేనని ఫోను చేస్తే ఇంటివాళ్లు వచ్చి తీసుకువెళ్లాలి, ఆ రాత్రికి తిట్టకూడదు. మిగిలిన నాలుగింటి కన్న అదే ముఖ్యమైనదని నా అభిప్రాయం. తిట్లకు భయపడే పిల్లలే నిద్రకళ్లతో స్టీరింగు పడతారు. తాగిన స్నేహితుని పక్కన కూర్చుంటారు.

మిత్రులారా, ఇంత చదివిన తరువాత మీ సొమ్ము సురక్షితమైన బండికి చాలదని తేలితే చిన్నబుచ్చుకోకండి. బిడ్డ అలిగినా సరే, మరో ఏడాది కూడబెట్టండి. అంతవరకు బస్సు పాసు తీసివ్వండి. ప్రయాణించే దూరాన్ని బట్టి చూస్తే కారు కన్న బస్సే క్షేమం. ద్విచక్ర వాహనం తప్పదంటే ఐఎస్‌ఐ గుర్తు గల హెల్మెట్టు, ఏబీఎస్ బ్రేకు ఉన్న బండి తప్ప వేరొకటి కొనకండి. రేపు షోరూములో రంగులు, తెరలు చూపించినప్పుడు ముందుగా మూడు ప్రశ్నలు అడగండి: ఈ వేరియంటులో ఎయిర్‌బ్యాగులు ఎన్ని, ఈఎస్‌సీ ఉన్నదా, భద్రతా పరీక్షలో ఏ ఏడాది ఎన్ని నక్షత్రాలు వచ్చాయి? సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.