బేస్‌మెంట్‌లో ఆఫీసు

ఎక్స్‌టన్, పెన్సిల్వేనియా

ఒరేయ్ రాజూ,

డెమోయిన్‌లో కొన్న ఇంటి ఫొటోలు చూశాను, బాగుంది. కానీ బేస్‌మెంట్‌లో ఆఫీసు పెట్టుకుని పగలంతా అక్కడే ఉంటున్నానని రాశావు. రేడాన్ టెస్టు చేయించావా? ఇన్‌స్పెక్షన్ లేకుండానే కొనేశారని చెల్లెమ్మ చెప్పింది.

మా వైపు ఈ భయం పాతదే. 1984లో ఇక్కడి లిమెరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు పనిచేసేవాడు. రేడియేషన్ పసిగట్టే యంత్రాలు అతను వస్తే చాలు మోగేవి. తీరా చూస్తే ఆ కేంద్రంలో ఇంకా కరెంటు ఉత్పత్తే మొదలవలేదు! అతను ఆ రేడియోధార్మికతను ఇంటి నుంచి ఒంటికి అంటించుకొస్తున్నాడన్నమాట. ఇంట్లో రేడాన్ కొలిస్తే లీటరు గాలికి దాదాపు 2,700 పీకోక్యూరీలు. 4 ఉంటేనే బాగుచేయించుకోమంటుంది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ.

మట్టిలో, రాళ్ళలో ఉన్న యురేనియం క్షీణిస్తూ క్షీణిస్తూ రేడియమై, ఆ తర్వాత రేడాన్ అనే ఈ గ్యాసవుతుంది. రంగూ వాసనా ఉండవు. చలికాలం హీటర్ వేస్తే వేడిగాలి పైకెక్కి, ఇల్లు పొగగొట్టంలా పనిచేస్తూ నేల పగుళ్ళలోంచి దాన్ని లోపలికి లాక్కుంటుంది. దాన్నుంచి పుట్టే పొలోనియం ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేసి ఆల్ఫా కణాలు వదులుతుంది. మన ఊళ్ళో కిటికీలు బార్లా తీసుకుని బతికినవాళ్ళం, ఇది మన ఊహకే రాదు.

పక్కింటాయనకి తక్కువొచ్చిందని ధీమా పడకు. ఒక్కో ఇంటిది ఒక్కో లెక్క. పైగా మీ అయోవాలో 99 కౌంటీలూ ఈపీఏ మ్యాపులో ఎక్కువ ప్రమాదమున్న జోన్‌లోనే ఉన్నాయి.

ఇంకోటి, నీకు కోపమొచ్చినా సరే. జీవితాంతం ఆ 4 స్థాయిలో పీలిస్తే, సిగరెట్ అలవాటు లేనివాళ్ళలో వెయ్యికి ఏడుగురికి ఊపిరితిత్తుల కేన్సర్ రావచ్చని ఈపీఏ అంచనా. తాగేవాళ్ళలో 62 మందికి. నువ్వింకా మానలేదని నాకు తెలుసు.

హార్డ్‌వేర్ షాపులో కిట్ దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. ఎక్కువొస్తే కాంక్రీటు కిందికి గొట్టం దించి, ఫ్యాన్‌తో ఆ గాలిని కప్పు పైకి తోసేస్తారు. సాధారణంగా ఒక్కరోజు పని. వాట్రస్ ఇల్లు కూడా బాగుచేశాక వాళ్ళు మళ్ళీ అందులోకే వెళ్ళారు. కాబట్టి ఇల్లు అమ్ముకోవాలేమో అని చెల్లెమ్మని బెదరగొట్టకు.

కిట్ పెట్టే ముందురోజు నుంచీ తలుపులూ కిటికీలూ మూసే ఉంచాలి, కిట్ తీసేదాకా. ఇంగువ పోపు పెట్టినా తెరవొద్దని చెప్పు. అంకె రాగానే ఫోన్ చెయ్యి.

నీ శీను