విస్లర్ కొండమీది ఉక్కు మోకులు



2025 ఆగస్టు నెలలో మేము దంపతులం కెనడా దేశంలోని మా అబ్బాయి ఇంటికి వెళ్ళాము. అతడు వాంకూవర్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక శనివారం ఉదయం కోడలు పులిహోర కలిపి డబ్బాలలో సర్దింది. మనుమరాలితో సహా అందరం కారులో బయలుదేరాము. దారికి ఒకప్రక్క సముద్రం, మరొకప్రక్క నిట్టనిలువు కొండలు. సుమారు 120 కిలోమీటర్లు ప్రయాణించి విస్లర్ అనే ఊరు చేరుకున్నాము.

ఉత్తర అమెరికాలోని మిక్కిలి పెద్ద స్కీ కేంద్రాలలో ఇది ఒకటి. పాదాలకు పొడవాటి సన్నని పలకలు తగిలించుకొని మంచు వాలుమీద జారుతూ దిగడాన్ని స్కీ అంటారు. దిగడానికి వాలు చాలు. మళ్ళీ పైకి చేరడానికే యంత్రం కావాలి. అందుచేత ఇటువంటి ఊళ్ళకు లిఫ్టులే ఆధారం.

ఈ కొండకు పూర్వం లండన్ పర్వతమని పేరు. ఇక్కడి బండల మధ్య మార్మోట్ అనే ఉడుత జాతి జంతువు ఈల వేసినట్లు కూస్తుంది. ఆ ఈలనుబట్టి విస్లర్ అనే పేరు వచ్చింది. 1966లో ఇక్కడ స్కీ ఆట మొదలైంది. లోయకు ఆవలనున్న బ్లాక్‌కోమ్ కొండను 1980లో తెరిచారు. ఇప్పుడు రెండూ ఒకే యాజమాన్యం క్రింద ఉన్నాయి.

లిఫ్టు అంటే పట్నాల మేడలలో ఉండే పెట్టె కాదు. కొండ క్రింద ఒక పెద్ద చక్రం, పైన ఒక పెద్ద చక్రం ఉంటాయి. ఆ రెండింటినీ చుట్టి ఉక్కు తీగలతో పేనిన లావుపాటి మోకు ఆగకుండా తిరుగుతుంది. దానికి కుర్చీలో, గదులో వ్రేలాడుతుంటాయి. గదులున్న దానిని గొండోలా అంటారు. పాత రకంలో కుర్చీని మోకుకు గట్టిగా బిగిస్తారు. అది సెకనుకు సుమారు రెండున్నర మీటర్లు పోతుంది. అంతకన్న వేగమైతే ఎక్కేవారు తూలిపడతారు. కొత్త రకంలో కుర్చీ స్టేషనులోకి రాగానే మోకును వదిలి నెమ్మదిస్తుంది. మనుష్యులు కూర్చున్న తరువాత మళ్ళీ మోకును పట్టుకొని రెట్టింపు వేగంతో పోతుంది. ఆ పట్టుమీదనే అందరి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

మేము గొండోలాలో విస్లర్ కొండ ఎక్కాము. ఆ గొండోలాను 1988లో ప్రారంభించారు. పైన ‘పీక్ టు పీక్’ అనే మరొక గొండోలా ఉన్నది. ఒక కొండనుండి రెండవ కొండకు 4.4 కిలోమీటర్ల దూరం అది లోయమీదుగా పోతుంది. నడుమ మూడు కిలోమీటర్లకు పైగా ఒక్క స్తంభమైనా లేదు. లోయ అడుగునుండి 436 మీటర్ల ఎత్తు. అమ్మగారు కోడలి చెయ్యి పట్టుకొని కళ్ళు మూసుకున్నారు. "నానమ్మా, కళ్ళు తెరువు, క్రింద ఏరు కనిపిస్తున్నది!" అని మనుమరాలు అరిచింది. పదకొండు నిమిషాలలో ఆవలి కొండకు చేరాము. కెనడా డాలర్లలో ఐదు కోట్లకు పైగా వ్యయం చేసి నిర్మించిన ఈ అద్భుతాన్ని 2008 డిసెంబరు 12న ప్రారంభించారు.

క్రిందికి దిగివచ్చిన తరువాత అబ్బాయి మమ్మును ఎక్స్‌కాలిబర్ అనే గొండోలా దగ్గరకు తీసుకొనిపోయి, జరిగిన ఒక సంగతి చెప్పాడు. కొత్త గొండోలా ప్రారంభమైన నాలుగు రోజులకే, అంటే 2008 డిసెంబరు 16న, ఈ గొండోలా స్తంభం ఒకటి అతుకు దగ్గర విడిపోయి కూలింది. స్తంభం లోపల నీరు చేరింది. తీవ్రమైన చలికి గడ్డకట్టింది. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది గదా! ఆ ఒత్తిడికి అతుకు విడిపోయింది. పదిమందికి పైగా గాయపడ్డారు. యాభైమందికి పైగా గంటల తరబడి గాలిలోనే చిక్కుకున్నారు. దేవుని దయవలన ఎవరూ మరణించలేదు.

కొత్తది కట్టినందున పాతది కూలిందని మేము చెప్పడం లేదు. పాతది కావడమే తప్పు అని కూడా అనలేము. అప్పటికి ఆ స్తంభానికి పధ్నాలుగేళ్ళు మాత్రమే. ఇదే విస్లర్‌లో 1995 డిసెంబరు 23న క్విక్‌సిల్వర్ అనే లిఫ్టు కుర్చీలు పట్టు జారి, ఒకదానినొకటి గుద్దుకొని పడిపోయాయి. ఇద్దరు చనిపోయారు. ఆ లిఫ్టు వయస్సు నాలుగేళ్ళే. మరుసటి సంవత్సరం దాని స్థానంలో గొండోలా నిర్మించారు. మరొకప్రక్క చూస్తే, బ్లాక్‌కోమ్‌మీద 1987లో కట్టిన సెవెంత్ హెవెన్ అనే లిఫ్టు ఇన్నేళ్ళుగా జనాన్ని మోసింది. కాబట్టి వయస్సు ఒక్కటే చూస్తే చాలదు. కంటికి కనిపించని అతుకులను, పట్లను, మోకులను ఎవరు, ఎంత తరచుగా పరీక్షిస్తున్నారన్నది ముఖ్యం.

ఇక డబ్బు సంగతి. 2016లో వేల్ రిసార్ట్స్ అనే అమెరికా కంపెనీ ఈ కేంద్రాన్ని కొన్నది. 2018లో ఆరు కోట్ల అరవై లక్షల కెనడా డాలర్లతో పనులు ప్రకటించింది. బ్లాక్‌కోమ్‌మీద రెండు పాత లిఫ్టులు తీసి ఒక పెద్ద గొండోలా పెట్టారు. విస్లర్‌మీద ఎమరాల్డ్ అనే నలుగురు కూర్చునే లిఫ్టు స్థానంలో ఆరుగురి లిఫ్టు వచ్చింది. తీసిన దానిని పారవేయలేదు. బ్లాక్‌కోమ్‌కు తరలించి, అక్కడ ఇంకా పాతదైన ముగ్గురి లిఫ్టుకు బదులు నిలబెట్టారు. పెద్దవాడి చొక్కా చిన్నవాడికి తొడిగినట్లు! 2022లో, 2023లో, 2024లో కూడా పాతవాటిని మార్చారు. వీటిలో చివరి రెండు లిఫ్టులు నిజానికి అమెరికాలోని పార్క్ సిటీ కొరకు తయారైనవి. అక్కడి నివాసులు అభ్యంతరం చెప్పగా అనుమతి రద్దయింది. అందువలన అవి విస్లర్‌కు వచ్చాయి. ఏది ముందు మార్చాలన్నది ఒక్కొక్కసారి అవసరాన్నిబట్టి గాక, అవకాశాన్నిబట్టి కూడా తేలుతుందన్నమాట.

కొత్త లిఫ్టు పెడితే వరుస తగ్గుతుంది. వచ్చినవారు సంతోషిస్తారు, ఫోటోలు తీసుకుంటారు. పాత స్తంభంలో చేరిన నీటిని తీసివేస్తే ఎవరూ ఫోటో తీయరు. అయినా ఆ పనికే ముందుగా డబ్బు కేటాయించాలి.

ఈ మాట వ్రాస్తున్నప్పుడు మా తప్పు మాకే గుర్తుకు వస్తున్నది. రెండేళ్ళ క్రితం అబ్బాయి పంపిన డబ్బుతో మా ఊరి ఇంటి వరండాకు నున్నని రాళ్ళు పరిపించాము. చూచినవారందరూ మెచ్చుకున్నారు. పొలంలో బోరు మోటారు స్టార్టరు పెట్టె మాత్రం తుప్పుపట్టి, ఎర్తు తీగ తెగి ఉన్నది. వచ్చే పంటకు చూద్దామనుకున్నాము. ఒక వాన రోజున మా పొలంలో పనిచేసే కుర్రవాడికి దానివలన షాకు కొట్టింది. ప్రాణం దక్కింది గాని, కుడిచేతి రెండు వ్రేళ్ళు ఇప్పటికీ సరిగా ముడవలేడు. పెట్టె మార్చడానికి అయ్యే ఖర్చు వరండా ఖర్చులో పదవ వంతు కూడా లేదు. వైద్యం ఖర్చు మేమే పెట్టుకున్నాము. కాని వ్రేళ్ళను తిరిగి ఇవ్వలేకపోయాము.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఈ సంగతి అబ్బాయికి మొదటిసారి చెప్పాము. అతడు చాలాసేపు మాట్లాడలేదు. "నాన్నా, ఈసారి డబ్బు పంపినప్పుడు ముందు ఏది పాడైందో నాకు వ్రాయండి. అందం సంగతి తరువాత చూద్దాము" అన్నాడు.

ఇంటికి వచ్చిన వారంలోనే ఊరి ఎలక్ట్రీషియనును వెంటబెట్టుకొని పొలం, ఇల్లు, పశువుల కొట్టం అంతా తిరిగి చూపించాము. అతడు చెప్పిన పనులు ఏడు. ఆరు పూర్తయ్యాయి. ఏడవది, కొట్టంలోని పాత వైరు. ఈ నెలలో అదికూడా మార్పిస్తున్నాము. మీరును మీ ఇంట ఒకసారి ఇట్లు తిరిగి చూచుకొనగలరని కోరుచున్నాము.