82 ఏళ్లు, పన్నెండడుగుల కిటికీలు

"ఒరేయ్ అబ్బాయ్, ఎనభై రెండేళ్లంటే నీ మనవడు ముసలివాడయ్యే కాలంరా. ఇప్పట్నుంచే దాని మీద డబ్బెందుకు పోస్తావు?"

2020లో కాకినాడ నుంచి ఫోన్లో మామయ్య అన్న ఈ మాట ఈ వ్యాసకర్తను ఇప్పటికీ వదలడం లేదు. ఎనభై రెండేళ్లు మిగిలిన ఫ్లాటు లీజును పొడిగించుకోవడానికి సర్వేయర్ అప్పుడు చెప్పిన అంకె 8,500 పౌండ్లు. చేతిలో డబ్బుంది, హక్కుంది. మామయ్య వద్దన్నాడని ఆ కాగితం సొరుగులోకి వెళ్లింది.

ఫ్లాటు కొన్నది 2018 వసంతంలో, ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలో, విక్టోరియా రాణి కాలంనాటి ఒక హోటల్లో. కిటికీలు పన్నెండడుగుల ఎత్తు, వాటి నిండా సముద్రం. ఒకప్పుడు అది అతిథులు కూర్చునే పెద్ద హాలు. ఫ్లాట్లుగా విడగొట్టినప్పుడు మధ్యలో గోడ లేపారు. పైకప్పు మీది సున్నపు పువ్వులో సగం ఈ గదిలో ఉంటే, మిగతా సగం పక్కవాళ్ల గదిలో ఉంది. ఆ సగం పువ్వును చూసే మనసు పారేసుకున్నాడు.

ఆ తీరమంతా ఇలాంటి కట్టడాలే. రైలు రావడంతో లండన్ సంపన్నులు సముద్రపు గాలికి కదిలారు, వాళ్ల కోసం కొండంత హోటళ్లు లేచాయి. ఫోక్‌స్టన్‌లో లీస్ అనే గట్టు మీద 1897లో మెట్రొపోల్, 1903లో గ్రాండ్ పక్కపక్కనే వెలిశాయి. గ్రాండ్‌కు ఏడవ ఎడ్వర్డ్ రాజు వచ్చేవాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రోజులు మారాయి. సెలవులకు జనం విమానమెక్కి స్పెయిన్ పోవడం మొదలయ్యాక, వందల గదుల ఈ భవనాలను హోటళ్లుగా నడపడం గిట్టలేదు. చాలావాటిని ఫ్లాట్లు చేసి అమ్మారు. మెట్రొపోల్, గ్రాండ్ రెండూ ఆ దారినే పోయాయి.

వీటిలో డబ్బు గురించి ఎక్కువ చెప్పేది రామ్స్‌గేట్‌లోని గ్రాన్‌విల్. లండన్ పార్లమెంటు భవనం లోపలి అలంకరణకు రూపమిచ్చిన అగస్టస్ ప్యూజిన్ కొడుకు ఎడ్వర్డ్ వెల్బీ ప్యూజిన్ దాన్ని కట్టాడు. వరస ఇళ్లుగా మొదలుపెట్టి, మధ్యలో హోటల్‌గా మార్చి, 1869లో తెరిచాడు. 1872కల్లా దివాలా తీశాడు. 1875లో చనిపోయాడు. ఈ కథ వ్యాసకర్తకు కొనకముందే తెలుసు. సాయంత్రాలు స్నేహితులకు చెప్పేవాడు కూడా. అందులో తనకు పనికొచ్చే సంగతి ఉందని మాత్రం తట్టలేదు.

కొనే ముందు ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు భార్య ఒక్కటే అడిగింది: "ఇందులో నేల మనకెంత వస్తుంది?"

ఏమీ రాదు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో అపార్ట్‌మెంట్ కొంటే, రిజిస్ట్రేషన్ కాగితంలో ఇన్ని గజాల అవిభక్త వాటా అని రాసి ఉంటుంది. భవనం పాతబడినా ఆ గజాలు మిగులుతాయి. ఇంగ్లండ్ లీజ్‌హోల్డ్‌లో చేతికొచ్చేది కాలం. అది ఏటా ఒక ఏడాది కరుగుతుంది. దానితోపాటు పైకప్పు, గోడలు, లిఫ్టు, మెట్ల మరమ్మతుల్లో వాటా నెత్తినపడుతుంది. భార్య అడిగిన ప్రశ్నకు ఆ రోజు సూటిగా జవాబు చెప్పకపోవడం ఈ వ్యాసకర్త చేసిన మొదటి తప్పు.

ఇక లెక్క. ధర 2,40,000 పౌండ్లు, అందులో చేతి డబ్బు 60,000, అప్పు 1,80,000. రెండో ఇల్లు కనుక అప్పట్లో స్టాంప్ డ్యూటీ మీద అదనంగా 3 శాతం. మొదటి 1,25,000 మీద 3,750, మిగిలిన 1,15,000 మీద 5 శాతం చొప్పున 5,750, మొత్తం 9,500. లాయరు, సర్వే ఖర్చు 2,000.

అద్దె నెలకు 950, ఏడాదికి 11,400. మామయ్య వేసిన లెక్క ఇక్కడితో ఆగింది: "నాలుగు ముప్పావు శాతం! అక్కడి బ్యాంకులో ఒక శాతమైనా ఇస్తున్నారా?" ఆగకుండా ముందుకెళితే, వడ్డీ 3 శాతం చొప్పున 5,400, భవనం నిర్వహణకు సర్వీస్ చార్జీ 3,600, నేలకు గ్రౌండ్ రెంట్ 250, ఏజెంటుకు 1,140. మిగిలింది 1,010. అదీ పన్నుకు సరిపోయింది.

ఐదేళ్ల ఫిక్స్‌డ్ రేటు 2023లో ముగిసింది. ఆ ఆగస్టులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 5.25 శాతానికి చేరింది. కొత్త వడ్డీ 6 శాతం, అంటే 10,800. సర్వీస్ చార్జీ 6,200 అయింది. అద్దె 12,600కు పెంచినా, ఏజెంటుకు 1,260, గ్రౌండ్ రెంటుకు 250 పోగా ఏడాదికి 5,910 పౌండ్ల నష్టం. పైగా వడ్డీని అద్దెలోంచి తీసేయడానికి పన్ను చట్టం ఒప్పుకోదు. కాగితం మీద 4,890 పౌండ్ల లాభం కనిపిస్తుంది. దాని మీద 40 శాతం పన్ను 1,956, అందులోంచి ఆ లాభం మీద 20 శాతం రాయితీ 978 పోగా, కట్టాల్సింది మరో 978. చేతినుంచి పోయింది 6,888.

అదే ఏడాది భవనం మరమ్మతుల గురించి సెక్షన్ 20 నోటీసు వచ్చింది. 1985 చట్టం ప్రకారం ఒక్కో ఫ్లాటు మీద 250 పౌండ్లకు మించి పడే పనులకు ముందుగా అభిప్రాయాలు అడగాలి. ఖర్చు సబబు కాదనుకుంటే ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. కానీ కారే కప్పును ఎవరు కాదంటారు? ఉప్పుగాలికి ముందు గోడ పూత పెచ్చులూడుతోంది, కప్పు కింది దూలాలు చివికాయి. భవనం చారిత్రక కట్టడాల గ్రేడ్ టూ జాబితాలో ఉంది కనుక పాత పద్ధతిలో, పాత సామగ్రితోనే బాగుచేయాలి. ఆ పన్నెండడుగుల కిటికీల స్థానంలో అనుమతి లేకుండా కొత్తవి పెట్టించడం నేరం. పనికి 11,00,000, 20 శాతం వ్యాట్ 2,20,000, మొత్తం 13,20,000 పౌండ్లు. ఈ ఫ్లాటు వాటా 1.9 శాతం: 25,080 పౌండ్లు.

అప్పటికే లీజు ఎనభై కిందికి జారింది. 1993 చట్టం ప్రకారం ఎనభై ఏళ్లకు మించి మిగిలిన లీజుకు మ్యారేజ్ వాల్యూ లేదు. మించకపోతే, పొడిగింపు వల్ల పెరిగే విలువలో సగం భవనం అసలు యజమాని అయిన ఫ్రీహోల్డర్‌కు ఇవ్వాలి. 2024లో వచ్చిన కొత్త చట్టం దీన్ని తీసేయాలని చెప్పింది గానీ, ఆ భాగం వెంటనే అమల్లోకి రాలేదు. 78 ఏళ్ల దగ్గర పొడిగింపు ధర 13,100. ఫ్రీహోల్డర్ తరఫు లాయరు, సర్వేయర్ ఫీజులూ మనమే కట్టాలి కనుక మరో 4,000. ఒక్క ఫోన్ మాటకు తేడా 4,600 పౌండ్లు. మొత్తం నష్టంలో ఇది చిన్న అంకే. అయినా రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది ఇదే. కప్పు కారడం తన చేతిలో లేదు, సొరుగు తెరవడం ఉంది.

2024 చివర్లో 2,36,000కు అమ్మేశాడు. ధరలో 4,000, స్టాంప్ డ్యూటీ 9,500, కొన్నప్పటి ఖర్చు 2,000, కప్పుకు 25,080, లీజుకు 17,100, అమ్మకానికి 6,000, చివరి ఏడాది నష్టం 6,888. మొత్తం 70,568 పౌండ్లు. పెట్టిన 60,000 పోయి, మరో పదివేలు జీతంలోంచి పోయాయి. అదే డబ్బును ఇండెక్స్ ఫండ్‌లో పెట్టొచ్చు, లేదా నేలతో సహా వచ్చే చిన్న ఇల్లు కొనొచ్చు.

మామయ్య మీద కోపం చాలాకాలం ఉంది. ఆయన జీవితమంతా గోదావరి జిల్లాల్లో స్థలాలు కొని నిలబడ్డ మనిషి. తనకు తెలిసిన నేల గురించి చెప్పాడు. ఆయన ప్రేమను సలహాగా తీసుకున్నది, లీజు కాగితం దగ్గరున్నా చదవనిది మేనల్లుడు.

ఈ మధ్య ఆయనే ఫోన్ చేశాడు. విశాఖ బీచ్ రోడ్డులో ఫ్లాటు చూశాడట, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుందట.

"గజాలెన్ని వస్తున్నాయి మామయ్యా?"

అవతల కాసేపు మాట లేదు. "కాగితం చూసి చెప్తానురా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోన్ మోగింది. కళ్లజోడు సర్దుకుంటూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, రిజిస్ట్రేషన్ ముసాయిదా మొత్తం మొదటి పేజీ నుంచి చదివి వినిపించాడు.